పాత విండోస్ వేశాక డ్రైవర్లు ఎక్కడ వెతకాలి?

నా దగ్గర ఒక ఫిల్మ్ స్కానర్ ఉంది. నెగెటివ్‌లను అంత బాగా చదివే యంత్రం నాకు మరొకటి దొరకలేదు. దాన్ని తయారుచేసినవాళ్లు విండోస్ 7 తర్వాత డ్రైవర్లు, అంటే పరికరాన్ని విండోస్‌తో మాట్లాడించే చిన్న ప్రోగ్రాములు, ఇవ్వడం మానేశారు. అందుకే నా బల్లమీద ఒక లాప్‌టాప్ ఎప్పుడూ విండోస్ 7తోనే ఉంటుంది. ఈ సంగతి తెలిసినవాళ్లు తమ యంత్రాలనూ పట్టుకొస్తుంటారు. ఒకరికి లేబుల్ ప్రింటర్, ఇంకొకరికి సీరియల్ పోర్టుతో మాట్లాడే ప్రయోగశాల పరికరం, మరొకరికి పాత లెక్కల సాఫ్ట్‌వేర్. అందరి చిక్కూ ఒకటే. కొత్త విండోస్‌లో ఆ ఒక్కటి పనిచేయదు, పాత విండోస్ వేస్తే అది తప్ప తక్కినవేవీ పనిచేయవు. తెరమీద అక్షరాలు ఉబ్బిపోయి ఉంటాయి, శబ్దం రాదు, వైఫై జాడే ఉండదు.

ఇక్కడ దాదాపు అందరూ చేసే పని, లాప్‌టాప్ మోడల్ పేరు కొట్టి, పక్కన డ్రైవర్ అని చేర్చి వెతకడం. నేను అక్కడ మొదలుపెట్టను. ఒకే మోడల్ పేరుతో అమ్మిన రెండు లాప్‌టాప్‌లను విప్పితే, ఒకదానిలో బ్రాడ్‌కామ్ వైఫై కార్డు, రెండోదానిలో ఎథిరోస్ కార్డు కనిపించడం మామూలే. మోడల్ పేరు పైపెట్టెది, డ్రైవర్ కావలసింది లోపలి చిప్పుకు. ఆ చిప్పు తనెవరో తానే ఒక నంబరు రూపంలో చెబుతుంది. దాన్ని చదవడం వస్తే వెతుకులాట సగానికి సగం తగ్గుతుంది.

ఇంకా ఫార్మాట్ చేయకపోతే

మీరు అదృష్టవంతులు. ముందు, పనిచేస్తున్న విండోస్‌లోనే, యంత్రంలోని పరికరాల జాబితా చూపే డివైస్ మేనేజర్ తెరిచి (ఎలాగో కింద చెబుతాను), అన్ని శాఖలూ విప్పి ఫోనుతో ఫొటోలు తీసుకోండి. తర్వాత సీ డ్రైవులో విండోస్, అందులో సిస్టమ్32, అందులో డ్రైవర్‌స్టోర్, అందులో ఫైల్‌రిపాజిటరీ అనే ఫోల్డర్‌ను మొత్తంగా బయటి డిస్కుమీదికి కాపీ చేయండి. ఇప్పటిదాకా ఎక్కించిన డ్రైవర్లన్నీ అక్కడే ఉంటాయి. అదే విండోస్ మళ్లీ వేస్తే ఈ ఒక్క ఫోల్డర్‌తో పని దాదాపు ముగుస్తుంది. పది నుంచి ఏడుకు దిగుతుంటే అన్నీ పనికిరావు గానీ కొన్ని పనికొస్తాయి. ఏవి పనికొస్తాయో తేల్చుకునే పద్ధతి తర్వాత చెబుతాను.

రెండో విషయం, మీ యంత్రం వయసు. ఇంటెల్ ఆరో తరం ప్రాసెసర్ల దాకా, అంటే 2015లో వచ్చిన స్కైలేక్ వరకు, విండోస్ 7కు గ్రాఫిక్స్ డ్రైవర్లు ఉన్నాయి. ఏడో తరం నుంచి ఇంటెల్ ఇవ్వలేదు. అంతకన్నా కొత్త యంత్రంలో విండోస్ 7 వేయాలని పట్టుబట్టకండి. స్కైలేక్‌తోనూ ఒక మెలిక ఉంది. ఆ తరం చిప్‌సెట్‌లో, అంటే మదర్‌బోర్డుమీది ముఖ్యమైన చిప్పుల్లో, పాత యూఎస్‌బీ 2 కంట్రోలర్‌ను తీసేశారు, విండోస్ 7కేమో యూఎస్‌బీ 3 అంటే తెలియదు. ఫలితంగా ఇన్‌స్టలేషన్ తెర వస్తుంది, కానీ మౌస్ కదలదు, కీబోర్డు పలకదు. పాత గుండ్రటి పీఎస్/2 కీబోర్డు తగిలించే చోటుంటే గండం గడుస్తుంది. లేకపోతే ఇన్‌స్టలేషన్ పెన్‌డ్రైవులోకే యూఎస్‌బీ 3 డ్రైవర్లను ముందుగా ఎక్కించుకోవాలి. ఎన్‌వీఎంఈ అనే కొత్త రకం వేగపు డిస్కుదీ అదే కథ. విండోస్ 7కు దాని సంగతి పుట్టుకతో తెలియదు, మైక్రోసాఫ్ట్ తర్వాత కేబీ 2990941 అనే ప్యాచ్‌తో నేర్పింది. మామూలు సాటా డిస్కు ఉంటే ఈ బాధ లేదు.

ఎక్స్‌పీ వేసేవాళ్లకు ఒక్క మాట. ఇన్‌స్టలేషన్ మధ్యలో 7బీ అనే అంకెతో ముగిసే నీలితెర వస్తే డిస్కు చెడిపోయిందని కంగారుపడకండి. డిస్కుతో మాట్లాడే ఏహెచ్‌సీఐ అనే కొత్త పద్ధతి ఎక్స్‌పీకి తెలియదు. విండోస్ కన్నా ముందు వచ్చే బయోస్ సెట్టింగుల్లోకి వెళ్లి సాటాను ఐడీఈ పద్ధతికి మారిస్తే ముందుకు కదులుతుంది.

మొదట ఇంటర్నెట్

నెట్‌వర్క్ డ్రైవర్ కావాలంటే ఇంటర్నెట్ కావాలి, ఇంటర్నెట్ కావాలంటే నెట్‌వర్క్ డ్రైవర్ కావాలి. చెట్టు ముందా, విత్తు ముందా అన్న తగవు ఇది. దీన్ని తీర్చడానికి మీ ఆండ్రాయిడ్ ఫోను చాలు. ఫోనును యూఎస్‌బీ తీగతో కలిపి, ఫోను సెట్టింగుల్లో యూఎస్‌బీ టెథరింగ్ వేయండి. కంప్యూటర్‌కు ఫోను ఒక నెట్‌వర్క్ కార్డులా కనిపిస్తుంది. ఫోను వైఫైలో ఉంటే ఆ వైఫైనే పంచుతుంది, మొబైల్ డేటా ఖర్చు కాదు. విండోస్ 7 తనంతట తాను ఫోనును గుర్తించకపోతే, డివైస్ మేనేజర్‌లో ఫోను పేరుమీద రైట్ క్లిక్ చేసి, డ్రైవర్‌ను జాబితా నుంచి మేమే ఎంచుకుంటామని చెప్పండి. అందులో నెట్‌వర్క్ అడాప్టర్లు, తర్వాత మైక్రోసాఫ్ట్, తర్వాత రిమోట్ ఎన్‌డీఐఎస్ అని ఉన్నదాన్ని నొక్కండి.

నెట్ వచ్చినా సైట్లు తెరుచుకోకపోతే రెండు అనుమానాలు. మొదటిది గడియారం. మదర్‌బోర్డుమీది బిళ్ల బ్యాటరీ అయిపోయి తేదీ ఏళ్ల వెనక్కి పోయి ఉంటే, ఏ సురక్షిత సైటూ మిమ్మల్ని లోపలికి రానివ్వదు. రెండోది బ్రౌజర్. విండోస్ 7తో వచ్చే ఎక్స్‌ప్లోరర్ 8తో ఇవాళ్టి సైట్లు తెరుచుకోవు. ఫైర్‌ఫాక్స్‌లో 115 ఈఎస్ఆర్, క్రోమ్‌లో 109 విండోస్ 7మీద నడుస్తాయి. వాటిలో ఒకదాన్ని వేరే కంప్యూటర్‌లో దింపి పెన్‌డ్రైవులో తెచ్చుకోండి. పెన్‌డ్రైవును నీలం రంగు పోర్టులో పెడితే కొన్ని యంత్రాలు పట్టించుకోవు, ఎందుకో పైన చెప్పాను. నల్ల పోర్టులో పెట్టండి.

నంబరు చదవడం

కంప్యూటర్ గుర్తుమీద రైట్ క్లిక్ చేసి మేనేజ్ నొక్కితే ఎడమవైపు డివైస్ మేనేజర్ ఉంటుంది. పసుపుపచ్చ త్రికోణంలో ఆశ్చర్యార్థకం ఉన్నవే మనకు కావలసినవి. ఒకదానిమీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, డీటెయిల్స్. అక్కడ పైనున్న జాబితాలో హార్డ్‌వేర్ ఐడీలు అన్నదాన్ని ఎంచుకోండి. నాలుగైదు పొడుగాటి వరుసలు వస్తాయి. చూడగానే చదవబుద్ధి కాదు, కానీ అందులో ఉన్నది ఒక చిరునామా అంతే.

ఒకదాన్ని విడదీద్దాం. వరుస మొదట పీసీఐ అని ఉంది. ఆ తర్వాత వెన్, ఒక అడ్డగీత, 10ఈసీ. ఆ తర్వాత డెవ్, అడ్డగీత, 8168. వెన్ అంటే చిప్పు తయారీదారు. ఇవి పదహారు ఆధారంగా లెక్కించే అంకెలు కాబట్టి ఏ నుంచి ఎఫ్ దాకా ఇంగ్లీషు అక్షరాలూ మధ్యలో దూరుతుంటాయి. 10ఈసీ రియల్‌టెక్‌ది. 8168 ఆ సంస్థ గిగాబిట్ ఈథర్‌నెట్ చిప్పు. తీగతో నెట్ రావాలంటే కావలసింది రియల్‌టెక్ 8168 డ్రైవర్ అని తేలిపోయింది. లాప్‌టాప్ మీద ఎవరి పేరున్నా సరే.

కొన్ని తయారీదారుల నంబర్లు పదేపదే ఎదురవుతాయి. 8086 ఇంటెల్‌ది. 1978లో ఆ సంస్థ తెచ్చిన ప్రాసెసర్ పేరు కూడా అదే, ఎంచుకుని తీసుకున్నట్టే ఉంది. 10డీఈ ఎన్‌విడియా, 1002 ఏఎండీ, 14ఈ4 బ్రాడ్‌కామ్, 168సీ ఎథిరోస్, 1814 రాలింక్, 1180 రికో. రికో కనిపిస్తే అది చాలామటుకు మెమరీ కార్డు పెట్టే చోటు.

అదే వరుసలో సబ్‌సిస్ అన్న మాట తర్వాత ఎనిమిది అంకెలు ఉంటాయి. చివరి నాలుగూ చూడండి. ఆ చిప్పును తన యంత్రంలో కూర్చినవారి నంబరు అది. 1028 డెల్, 103సీ హెచ్‌పీ, 17ఏఏ లెనోవో, 1043 ఆసుస్, 1025 ఏసర్, 1179 తోషిబా. లాప్‌టాప్ అడుగున స్టిక్కర్ చెరిగిపోయి, మోడల్ ఏమిటో తెలియని యంత్రాల దగ్గర ఇది ఎన్నోసార్లు అక్కరకొచ్చింది. ఏ సంస్థ సైటుకు వెళ్లాలో ఇది చెబుతుంది.

శబ్దం విషయంలో వరుస పీసీఐతో కాకుండా హెచ్‌డీ ఆడియోతో మొదలవుతుంది. డెవ్ తర్వాత 0269 అని ఉంటే అది రియల్‌టెక్ ఏఎల్‌సీ 269. రియల్‌టెక్ వాళ్లు చిప్పు నంబరునే ఐడీగా పెట్టడం వల్ల పని తేలికైంది. యూఎస్‌బీ పరికరాలకు వెన్, డెవ్‌ల స్థానంలో విడ్, పిడ్ ఉంటాయి. విడ్ 0403, పిడ్ 6001 అయితే అది ఎఫ్‌టీడీఐ సీరియల్ చిప్పు. పాత కొలత పరికరాల తీగల్లో ఎక్కువగా కనిపించేది ఇదే.

విండోస్‌లో ఏమీ తేలకపోతే, ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచే లైవ్ లినక్స్ పెన్‌డ్రైవుతో బూట్ చేసి టెర్మినల్‌లో ఎల్‌ఎస్‌పీసీఐ -ఎన్‌ఎన్ అనే ఆదేశం ఇస్తాను. నంబర్లతో పాటు చిప్పుల పేర్లనూ అది వరుసగా చూపిస్తుంది. పైగా వైఫై కూడా అక్కడ పనిచేయడం ఎక్కువ, కావలసిన ఫైళ్లు అక్కడి నుంచే దింపుకోవచ్చు.

ఎవరి దగ్గర అడగాలి

నా వరుస ఇది. లాప్‌టాప్ అయితే ముందు దాన్ని అమ్మిన సంస్థ సైటు, ఎందుకంటే గ్రాఫిక్స్, హాట్ కీలు, టచ్‌ప్యాడ్ వంటివాటిని వాళ్లు తమకు తగ్గట్టు మార్చుకుని ఉంటారు. అక్కడ విండోస్ 7 జాబితా ఖాళీగా ఉంటే ఆశ వదులుకోవద్దు. అదే ఏడాది వచ్చిన, వ్యాపార సంస్థలకు అమ్మిన తోబుట్టువు మోడల్ పేజీ తెరవండి. కార్యాలయాలు విండోస్ 7ను చాలాకాలం వదల్లేదు కాబట్టి ఆ మోడళ్లకు డ్రైవర్లు దండిగా ఉంటాయి, లోపలి చిప్పులు చాలావరకు అవే. నంబరు కలిసిందా లేదా అన్నదే చూడండి.

తర్వాత మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ కేటలాగ్. చాలామందికి దీని ఊసే తెలియదు. వెతికే గడిలో మీ హార్డ్‌వేర్ ఐడీని వెన్, డెవ్ భాగాల వరకు అతికిస్తే, ఆ చిప్పుకు మైక్రోసాఫ్ట్ దగ్గరున్న డ్రైవర్లు బయటికి వస్తాయి. ఏ విండోస్‌కు ఏది అన్నది ఒక నిలువు వరుసలో ఉంటుంది. దిగేది క్యాబ్ ఫైలు, జిప్ లాంటి మూట. దాన్ని సెవెన్‌జిప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో విప్పి ఒక ఫోల్డర్‌లో పెట్టండి. ఇన్‌స్టాలర్ ఉండదు, ప్రకటనలు ఉండవు, అడగని టూల్‌బార్లు ఉండవు.

ఆ తర్వాతే చిప్పు తయారీదారు. పాత చిప్‌లకు ఈ దారి సన్నబడుతోంది. ఇంటెల్ 2019లో పాత బోర్డుల డ్రైవర్లు, బయోస్ ఫైళ్లు చాలా తన సైటు నుంచి తీసేసింది. అలా పోయిన పేజీల కోసం ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో పాత చిరునామా కొట్టి చూస్తాను. పేజీ మాత్రమే మిగిలి ఫైలు పోయినా, ఫైలు పేరు, వెర్షన్ తెలుస్తాయి. ఆ పేరుతో వెతికితే ఇంకోచోట దొరుకుతుంది.

డ్రైవర్లన్నీ ఒక్క నొక్కుతో వెతికి పెడతామనే సాఫ్ట్‌వేర్లు వెతుకులాటలో ముందువరుసలోనే కనిపిస్తాయి. చాలావాటిని నేను దగ్గరికి రానివ్వను. డ్రైవర్ కోసం వెళ్తే అసలుకే ఎసరు పెట్టే సరుకు వాటితో వస్తుంది. ఒక్క మినహాయింపు, స్నాపీ డ్రైవర్ ఇన్‌స్టాలర్ ఆరిజిన్. దాని సోర్స్ కోడ్ బహిరంగంగా ఉంది, డ్రైవర్ ప్యాక్‌లు ముందే దింపి ఉంచుకుంటే నెట్ లేకుండానే నడుస్తుంది. దాన్ని కూడా అన్నీ ఎక్కించమని వదిలేయను. ఏ నంబరుకు ఏ డ్రైవర్ సరిపోతుందంటోందో చూసి, కావలసినది ఒక్కటే తీసుకుంటాను.

ఎక్కడి నుంచి తెచ్చిన ఫైలైనా, దానిమీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో డిజిటల్ సిగ్నేచర్స్ చూడండి. సంతకం ఎవరిదో అక్కడ ఉంటుంది. రియల్‌టెక్ డ్రైవర్ అని చెప్పి, సంతకం ఇంకెవరిదో ఉంటే అక్కడితో ఆపేయండి.

ఇన్‌స్టాలర్ కాదంటే ఐఎన్ఎఫ్ తెరవండి

ఈ విండోస్‌కు ఇది పనికిరాదు అని ఇన్‌స్టాలర్ మొండికేయడం తరచూ జరుగుతుంది. ఆ మాట చెబుతున్నది ఇన్‌స్టాలర్, డ్రైవర్ కాదు. ఇన్‌స్టాలర్‌ను సెవెన్‌జిప్‌తో విప్పండి. హెచ్‌పీ ప్యాకేజీలైతే సీ డ్రైవులో ఎస్‌డబ్ల్యూసెటప్ అనే ఫోల్డర్‌లోకి తమంతట తామే విచ్చుకుంటాయి, ఇన్‌స్టలేషన్ విఫలమైనా ఫైళ్లు అక్కడే మిగులుతాయి. అందులో ఐఎన్ఎఫ్ అనే తోకతో ఒక చిన్న ఫైలు ఉంటుంది. నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటుంది, మామూలు అక్షరాలే.

అందులో మాన్యుఫాక్చరర్ అని చదరపు బ్రాకెట్లలో ఉన్న విభాగం వెతకండి. దాని కింది వరుసలో ఎన్‌టీ ఏఎండీ64, చుక్క, 6.1 అన్నట్టు కొన్ని ముక్కలు కామాలతో ఉంటాయి. అందులో ఏఎండీ64 అంటే 64 బిట్, ఇంటెల్ ప్రాసెసర్‌కైనా అదే పేరు. ఎక్స్86 అని ఉంటే 32 బిట్. చివరి అంకె విండోస్ వెర్షన్. ఎక్స్‌పీ 5.1, విస్టా 6.0, విండోస్ 7 అంటే 6.1, ఎనిమిది అంటే 6.2, దాని తర్వాతి 8.1 అంటే 6.3, పది అంటే 10.0. ఆ అంకె నుంచి పైకి ఎక్కడైనా అని అర్థం. 6.0 అని ఉన్నది విండోస్ 7కు సరిపోతుంది. 10.0 ఒక్కటే ఉంటే ఏడుకు పనికిరాదు. తర్వాత అదే ఫైలులో మీ డెవ్ నంబరు వెతకండి. సరైన విభాగం కింద అది కనిపిస్తే ఇక సందేహం లేదు. కొత్త విండోస్ నుంచి కాపీ చేసుకున్న ఫైల్‌రిపాజిటరీని కూడా ఇలాగే జల్లెడ పట్టాలి.

ఇప్పుడు డివైస్ మేనేజర్‌కు తిరిగివెళ్లి, పసుపు గుర్తున్న పరికరంమీద డ్రైవర్ అప్‌డేట్ నొక్కి, నా కంప్యూటర్‌లోనే వెతుకు అన్న దారిలో ఆ ఫోల్డర్‌ను చూపించండి.

ఫైలులో మీ నంబరు లేకపోతే దాన్ని చేత్తో చేర్చేయమని కొందరు సలహా ఇస్తారు. 64 బిట్ విండోస్‌లో అది కుదరదు. ఫైలు ఒక్క అక్షరం మారినా సంతకం చెల్లదు. బూట్ అయ్యేటప్పుడు ఎఫ్8 నొక్కి సంతకం తనిఖీ ఆపవచ్చు గానీ అది ఆ ఒక్కసారికే. 32 బిట్ డ్రైవర్‌ను 64 బిట్ విండోస్‌లో ఎక్కించే దారి మాత్రం ఏదీ లేదు. మీ పాత పరికరానికి 32 బిట్ డ్రైవర్ ఒక్కటే ఉంటే, విండోస్ కూడా 32 బిట్‌దే వేయాలి. ఈ సంగతి ఇన్‌స్టలేషన్‌కు ముందే చూసుకోండి.

డ్రైవర్ ఎక్కాక కూడా గుర్తు పోకపోతే ప్రాపర్టీస్‌లోని కోడ్ నంబరు చూడండి. 28 అంటే డ్రైవర్ ఇంకా లేనేలేదు. 10 అంటే డ్రైవర్ ఉంది, పరికరం మొదలవలేదు, ఎక్కువసార్లు వేరే వెర్షన్ పెడితే సరిపోతుంది, అది పాతదైనా సరే. 52 అంటే సంతకం నమ్మదగినదిగా లేదని. విండోస్ 7లో 52 వచ్చిందంటే డ్రైవర్‌ను అనుమానించే ముందు కేబీ 4490628, కేబీ 4474419 ప్యాచ్‌లు ఆ వరుసలోనే వేయండి. కొత్త డ్రైవర్లమీద ఎస్‌హెచ్ఏ-2 పద్ధతి సంతకం ఉంటుంది, ప్యాచ్‌లు లేని విండోస్ 7కు అది చదవడం రాదు.

ఏది ముందు, ఏది తర్వాత

నెట్‌వర్క్ వచ్చాక చిప్‌సెట్, ఆ తర్వాత గ్రాఫిక్స్. తక్కినవి ఎలా వేసినా ఫరవాలేదు. చిప్‌సెట్ ప్యాకేజీ వేశాక ఎస్ఎమ్‌బస్ వంటి పేరులేని గుర్తులు కొన్ని ఒక్కసారిగా మాయమవుతాయి. ఇంటెల్ చిప్‌సెట్ డ్రైవర్ తేదీ 1968 జూలై 18 అని కనిపిస్తే గడియారం పాడైందనుకోకండి. ఇంటెల్ స్థాపించిన తేదీ అది. ఇంకెవరైనా మెరుగైన డ్రైవర్ ఇచ్చి ఉంటే తమది దాన్ని తోసిరాజనకుండా కావాలనే అంత పాత తేదీ వేశారు.

గ్రాఫిక్స్‌కు ముందు ఒక రీస్టోర్ పాయింట్, అంటే తేడా వస్తే విండోస్‌ను వెనక్కి తెచ్చుకునే గుర్తు, పెట్టండి. ఎక్కించాక తెర నల్లగా ఉండిపోతే ఎఫ్8తో సేఫ్ మోడ్‌లోకి వెళ్లి, అదే డివైస్ మేనేజర్‌లో రోల్ బ్యాక్ నొక్కితే సరి.

చివర్లో ఒకటో రెండో పసుపు గుర్తులు మిగులుతాయి. వాటి వెంట రాత్రంతా పడకండి. వెన్ 8086, డెవ్ 1సీ3ఏ అని ఉన్న పీసీఐ సింపుల్ కమ్యూనికేషన్స్ కంట్రోలర్ ఇంటెల్ మేనేజ్‌మెంట్ ఇంజిన్‌ది. అది లేకపోయినా స్కానర్ స్కాన్ చేస్తుంది. ఏసీపీఐతో మొదలై ఎస్ఎంఓ8800 అని ఉంటే అది లాప్‌టాప్ కిందపడినప్పుడు హార్డ్ డిస్కును కాపాడే సెన్సర్. హెచ్‌పీక్యూ0004 కూడా అదే పని చేసేది, హెచ్‌పీ వారిది. ఎస్ఎస్‌డీ వేసుకుని ఉంటే దానితో అవసరమే లేదు. రైట్ క్లిక్ చేసి డిసేబుల్ చేయండి.

విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14తో ముగిసింది. కాబట్టి డ్రైవర్లన్నీ కుదిరాక నేను నెట్ తీగ పీకేస్తాను, స్కాన్‌లను పెన్‌డ్రైవులో బయటికి తెచ్చుకుంటాను. విప్పిన డ్రైవర్ ఫోల్డర్లు మాత్రం పారేయను. ఒక్కో ఫోల్డర్‌కు వెన్, డెవ్ నంబర్లనే పేరుగా పెట్టి, విండోస్ ఇన్‌స్టలేషన్ పెన్‌డ్రైవులోనే ఒక మూల ఉంచుతాను.